కణంలో పూడికతీత!

ఎండాకాలం వస్తే కృష్ణా డెల్టా కాల్వలకు నీళ్లు కట్టేస్తారు. గుర్రపుడెక్క తీసేది, పూడిక ఎత్తేది, గట్లు బాగుచేసేది అప్పుడే. నిండుగా నీళ్లు పారేటప్పుడు ఆ పని సాగదు మరి. మన ఒంట్లోని కణాలదీ ఇంచుమించు ఇదే పద్ధతి. రోజూ కొద్దికొద్దిగా చెత్త ఎత్తుకుంటూనే ఉంటాయి. తిండి అందనప్పుడు ఆ పని జోరందుకుంటుంది. దాని పేరే ఆటోఫజీ... అంటే తనను తానే తినడం!

చెత్త నుంచే సత్తువ

పాడైన ప్రొటీన్లు, అరిగిపోయిన మైటోకాండ్రియా వంటి వాటి చుట్టూ రెండు పొరల సంచీ ఒకటి అల్లుకుంటుంది. ఆ సంచీ వెళ్లి లైసోజోమ్‌తో కలుస్తుంది. అక్కడి ఎంజైములు లోపలి సరుకును ముక్కలు చేస్తాయి. చెరువు మట్టిని పొలానికి తోలుకున్నట్టు, కణం ఆ ముక్కలతోనే కొత్త ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. కడుపు నిండినప్పుడు ఎంటార్ అనే ప్రొటీను ఈ పనికి పగ్గం వేస్తుంది.

ఆటోఫజీ అన్న పేరు 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డువ్ పెట్టిందే. దాన్ని నడిపించే జన్యువుల్ని మాత్రం జపాన్‌కు చెందిన యోషినోరి ఒసుమి పట్టుకున్నారు. అదీ ఈస్ట్‌ను పస్తుపెట్టి! ఆయనకు 2016లో నోబెల్ వచ్చింది.

హైదరాబాద్‌లో తేలిందేమిటి?

ఈ శుభ్రత కుంటుపడితే పార్కిన్‌సన్స్ వంటి నరాల జబ్బులకు దారితీయొచ్చు. మరి ఎక్కువైతే? దీనికి జవాబు హైదరాబాద్ సీసీఎంబీలో దొరికింది. అక్కడి ఘనశ్యామ్ స్వరూప్ బృందం ఆప్టిన్యూరిన్ అనే ప్రొటీను మీద ఏళ్లతరబడి పనిచేసింది. చెత్తను గుర్తించి సంచీకి అందించే ప్రొటీను అది. అందులో వచ్చే కొన్ని మార్పులకు నీటికాసులతో... అదే, గ్లకోమాతో సంబంధముంది. అలాంటి మార్పు ఒకటి ఉన్నప్పుడు ఆటోఫజీ హద్దుమీరి, కణానికి ఇనుము అందించే ప్రొటీనునే మింగేస్తోందనీ, దాంతో రెటీనా కణాలు చనిపోతున్నాయనీ 2013లో ఈ బృందం ప్రయోగశాలలో చూపింది. మరో మార్పు ఉంటే ఆటోఫజీ మందగిస్తోంది. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే!

క్యాన్సర్‌లోనూ అంతే. కణం దారి తప్పకుండా మొదట్లో కాపాడేది ఆటోఫజీయే. గడ్డ పెరిగాక ఆకలికి తట్టుకునే బలాన్ని దానికిచ్చేదీ అదే.

ఉపవాసం మాటేమిటి?

కార్తీక సోమవారం దుర్గాఘాట్‌లో మునిగి, చుక్క పొడిచేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనివారు బెజవాడలో ఎందరో. 'ఇన్ని గంటలు పస్తుంటే ఆటోఫజీ మొదలవుతుంది, జబ్బులు పోతాయి' అన్న ప్రచారం ఇప్పుడు దీనికి తోడైంది. పస్తు పెడితే ఆటోఫజీ పెరగడం ఈస్ట్‌లో, ఎలుకల్లో స్పష్టంగా కనిపించింది. మనుషులకు ఇన్ని గంటలని తేల్చిన లెక్క లేదు. ఎంత జరిగిందో చెప్పే మామూలు రక్తపరీక్షా లేదు. ఇన్సులిన్, మధుమేహం మాత్రలు వాడేవారు డాక్టర్ని అడగకుండా పస్తుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదముంది. గర్భిణులు, పిల్లలు ఈ జోలికి పోకూడదు.

ఇంట్లో ఇలా...

* నీటికాసులు చాలామందిలో నొప్పి లేకుండానే చూపును పక్కల నుంచి తినేస్తాయి. పోయిన చూపు తిరిగి రాదు. ముందే కనిపెడితే ఉన్న చూపు నిలుపుకోవచ్చు.

* అమ్మానాన్నలకో, తోబుట్టువులకో ఈ జబ్బుంటే మీరూ కంటిలోపలి ఒత్తిడి, కంటినరం పరీక్ష చేయించుకోండి. నలభై దాటాక మరీ ముఖ్యం.

* చుక్కల మందు రాసిస్తే మధ్యలో మానొద్దు. ఉపవాసం రోజైనా సరే!