కుదురు తప్పిన కర్సరు: పంచాయతీ సభ్యులకు కొన్ని సూచనలు

పూర్వము పంచాయతీ లెక్కలన్నియు దస్త్రములలో ఉండెడివి. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ముంచింగిపుట్టు వంటి కొండ మండలములలో గూడ అవి కంప్యూటరులోనికి చేరినవి. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24న పంచాయతీల ప్రణాళికలకు, జమాఖర్చులకు ఈ-గ్రామ్ స్వరాజ్ అను వ్యవస్థ దేశమంతటికిని ఏర్పడినది.

ఇట్టి కాలమున తెరపైని బాణపు గుర్తు, అనగా కర్సరు, చేతికి లొంగక గంతులు వేయుచున్నచో నష్టపడునది ప్రజలే. ధ్రువపత్రము కొరకు కొండ దిగి నడచివచ్చిన మనిషి పని కాకుండ తిరిగిపోవలసి వచ్చును. ఒక పనికి వ్రాయవలసిన పైకము ప్రక్క వరుసలోని మరియొక పనికి పడవచ్చును. తుదకు “యంత్రము పాతబడినది, క్రొత్తది కొనవలెను” అను తీర్మానము సభ ముందుకు వచ్చును. దానికి చేయి ఎత్తుటకు ముందు సభ్యులు కొంత విచారింపవలెనని మా మనవి. పలుమారు దోషము కంప్యూటరులో ఉండదు. చేతిలోని మౌసులోనో, దాని క్రింది బల్లలోనో ఉండును.

మౌసు ఎట్లు పనిచేయును?

అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను శాస్త్రజ్ఞుని ఆలోచనపై 1964లో మొదటి మౌసు తయారైనది. దాని పై డిప్ప కొయ్యతో చేసినది. తరువాతి మౌసులలో ఒక చిన్న గుండు బల్లపై దొర్లుచు లోపలి సన్నని కడ్డీలను త్రిప్పెడిది. కడ్డీలకు మురికి పట్టినచో కర్సరు ఆగి ఆగి నడచెడిది. నేటి మౌసులలో గుండు లేదు. అడుగున చిన్న దీపము, కన్ను వంటి ఒక భాగము కలవు. ఆ కన్ను సెకనుకు వేయికి పైగా బల్లను చిత్రించి, ఒక చిత్రమును మరియొక దానితో పోల్చి, చేయి ఎటు జరిగినదో కంప్యూటరునకు తెలుపును. అద్దము పరచిన బల్లపైనను, మిక్కిలి నిగనిగలాడు బల్లపైనను ఆ కంటికి ఆనవాలు చిక్కదు. అప్పుడే కర్సరు తప్పుదారి పట్టును.

వరుసగా చేయవలసిన పరీక్షలు

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. అన్నియు ఒకేసారి మార్చినచో దోషమెక్కడ ఉన్నదో తెలియదు.

మొదట మౌసు క్రింద నిగనిగ లేని దళసరి కాగితము వేసి చూడవలెను. రెండవది, మౌసును తిరగవేసి, కన్ను దగ్గర చేరిన వెంట్రుకలను, దుమ్మును పొడి గుడ్డతో తుడువవలెను. మూడవది, తీగ నలిగినదేమో చూచి, మౌసును కంప్యూటరు వెనుకనున్న మరియొక యూఎస్‌బీ రంధ్రములో పెట్టవలెను. పాత కంప్యూటరులలోని గుండ్రని ప్లగ్గును మాత్రము యంత్రము ఆపిన పిమ్మటనే తీయవలెను. తీగ లేని మౌసైనచో బ్యాటరీ మార్చవలెను.

నాలుగవది ముఖ్యమైనది. చక్కగా పనిచేయుచున్న మరియొక మౌసును తెచ్చి తగిలింపవలెను. కర్సరు కుదుటపడినచో పాత మౌసు చెడినదని అర్థము. అప్పుడు కొనవలసినది మౌసు గాని కంప్యూటరు కాదు. క్రొత్త మౌసుతోను అదే తీరైనచో యంత్రమును పరీక్షింపవలెను. అనవసరముగా తెరచిన ప్రోగ్రాములను మూసి, కంప్యూటరును ఆపి మరల ప్రారంభించి, వైరస్ తనిఖీ చేయింపవలెను. పని భారము ఎక్కువైన పాత యంత్రములో కర్సరు నిలిచిపోయి, ఒక్కసారిగా దూకును.

లాప్‌టాప్‌లోని టచ్‌ప్యాడ్‌కు తడి పడదు. పొగమంచు దినములలో చేతులు, టచ్‌ప్యాడ్ పొడిగా ఉండునట్లు చూచుకొనవలెను. చార్జరు తీసినప్పుడు కర్సరు కుదుటపడినచో చార్జరును, కార్యాలయపు ఎర్తింగును ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయవలెను.

దోషము కాదు, దొంగతనము

కర్సరు గంతులు వేయక, మనిషి నడుపుచున్నట్లు తనంతట తానే పోయి కిటికీలు తెరచుచు, అక్షరములు పడుచున్నచో అది వేరు సంగతి. ఎవరో దూరము నుండి యంత్రమును నడుపుచుండవచ్చును. వెంటనే ఇంటర్నెట్టు తీగ తీసి, డిజిటల్ సంతకపు పరికరమును ఊడదీసి, పై అధికారులకు తెలుపవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. అపరిచితులు ఫోనులో చెప్పిన ఏ ఆప్‌ను గూడ కార్యాలయపు యంత్రములో ఎక్కింపరాదు.

పని ఆగకూడదు

మౌసు బాగుపడు వరకు వచ్చినవారిని త్రిప్పి పంపనక్కరలేదు. ట్యాబ్ మీటతో ఒక గడి నుండి మరియొక గడికి పోవచ్చును. విండోస్ కంప్యూటరులలో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మీటలను కలిపి నొక్కి, వచ్చిన ప్రశ్నకు సమ్మతి తెలిపినచో, కుడివైపు అంకెల మీటలతో కర్సరును నడుపవచ్చును.

ఈ పరీక్షలను, వాటి ఫలితములను ఒక పుస్తకములో వ్రాయించి సభలో చదివింపవలెను. ముందు పరీక్ష, పిమ్మట తీర్మానము అను పద్ధతి పాటించినచో పంచాయతీ సొమ్ము మిగులును, ప్రజల పనియు ఆగదు.