పందుల పెంపకములో వంశగుణము
భద్రాచలము అడవి అంచున గల కోయగూడెములలో నాటుపందులు ఇండ్ల చుట్టు తిరుగుచు మేత వెదకికొనును. డబ్బు అవసరమైనపుడు బాగుగా ఎదిగిన మగపిల్లయే ముందు అమ్ముడగును. కొనువారు లేని బక్కపిల్ల మిగిలి, తరువాతి ఈతకు తండ్రి యగును. మంద క్షీణించుటకు ఇంతకన్న దగ్గరి త్రోవ లేదు.

గుణములన్నియు ఒకే తీరున సంక్రమింపవు. పందులలో కనబడు తేడాలలో వంశమునకు చెందిన పాలు వీపు కొవ్వు విషయమున నూటికి సుమారు 40, ఎదుగుదల వేగమున 30. ఈతకు పుట్టు పిల్లల సంఖ్యలో 10 మాత్రమే. కనుక తల్లి ఒకసారి పన్నెండు పిల్లలను ఈనినదని దాని కూతుళ్లపై ఆశ పెట్టుకొనరాదు. అందులో మేతకును వయస్సునకును ఎక్కువ పాలు కలదు. ఎదుగుదల మాట వేరు. ఒకే మేత తిన్న, ఒకే వయస్సు పిల్లలను తూచి, మేటిదానిని నిలుపుకొన్నచో ఫలము తరువాతి తరమున కనబడును.

తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయమువారు లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తము 75 పాళ్లు, నాటురక్తము 25 పాళ్లు గల సంకరజాతిని రూపొందించిరి. మేలైనదే, కాని మేత చాలని గూడెమున దానికి ముందు మంద దిద్దుకొనుటయే మేలని మా అభిప్రాయము. మేటి మగపిల్లకు ముందే గుర్తు వేసి, తక్కినవానికి విత్తులు తీయించవలెను. ఆ పోతును దాని కూతుళ్లు ఎదకు వచ్చులోపల పొరుగుగూడెముతో మార్చుకొనవలెను; దగ్గరి రక్తము కలిసినచో ఈతకు పిల్లలు తగ్గును, పుట్టినవియు బలహీనములగును.