యూనివర్సిటీ యూనిటా, డిపార్ట్‌మెంట్ యూనిటా? రోస్టర్ లెక్కలో మాయమయ్యే పోస్టులు

రిజర్వేషన్‌ను రద్దు చేస్తున్నామని ఎవరూ ప్రకటించనక్కర్లేదు. లెక్కపెట్టే పద్ధతి మారిస్తే చాలు. 15 శాతం అలాగే కాగితం మీద ఉంటుంది, పోస్టు మాత్రం ఉండదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల అధ్యాపక నియామకాల్లో 2017 నుంచి 2019 దాకా జరిగింది ఇదే. ఆ వివాదాన్ని అర్థం చేసుకుంటే ఇప్పుడు వచ్చే ప్రతి నోటిఫికేషన్‌నూ చదవడం వస్తుంది.

ముందు లెక్క

కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం. ఏ పోస్టు ఎవరికి వస్తుందో వరుసగా రాసి పెట్టే పట్టికే రోస్టర్. 100ను 27తో భాగిస్తే 3.7, కాబట్టి ఓబీసీ వంతు 4వ పోస్టుకు వస్తుంది. 15తో భాగిస్తే 6.67, ఎస్సీ వంతు 7వ పోస్టు. 7.5తో భాగిస్తే 13.33, ఎస్టీ వంతు 14వ పోస్టు. 13 పోస్టుల వరకు ఉన్న చిన్న కేడర్లకు వాడేదే 13 పాయింట్ల రోస్టర్. పెద్ద కేడర్లకు 200 పాయింట్ల రోస్టర్ ఉంది. అందులో 30 ఎస్సీ, 15 ఎస్టీ, 54 ఓబీసీ స్థానాలు.

ఒక ఊహా విశ్వవిద్యాలయం తీసుకుందాం. 20 డిపార్ట్‌మెంట్లు, ఒక్కోదానిలో నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ఒక ప్రొఫెసర్. మొత్తం 80 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు. విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒక యూనిట్‌గా చూస్తే శాతం ప్రకారం ఎస్సీలకు 12, ఎస్టీలకు 6, ఓబీసీలకు 21 పోస్టులు రావాలి. అదే డిపార్ట్‌మెంట్‌ను యూనిట్ చేయండి. ప్రతి డిపార్ట్‌మెంట్‌లో వరుస నాలుగు దగ్గరే ఆగుతుంది. ఓబీసీలకు 20, ఎస్సీలకు సున్నా, ఎస్టీలకు సున్నా. ప్రొఫెసర్ పోస్టు ఒక్కటే కాబట్టి అక్కడ ఎవరికీ రిజర్వేషన్ లేదు.

ఖాళీలు వచ్చినప్పుడు వరుస ముందుకు కదులుతుంది కదా అంటారు. నిజమే. కానీ ఒక అధ్యాపకుడు చేరితే పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో ఉంటాడు. మరో ముగ్గురు ఖాళీ చేస్తే గానీ 7వ వంతు రాదు. 14వ వంతు వచ్చేసరికి ఒక తరం దాటిపోతుంది.

కోర్టుల్లో ఏం జరిగింది

యూజీసీ 2006 మార్గదర్శకాలు విశ్వవిద్యాలయాన్నే యూనిట్‌గా తీసుకున్నాయి. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నియామకాలపై వచ్చిన కేసులో 2017 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. చరిత్ర చెప్పేవారిని భౌతికశాస్త్రానికి బదిలీ చేయలేం, కాబట్టి జీతం, హోదా ఒకటైనంత మాత్రాన అన్ని సబ్జెక్టులనూ ఒకే కేడర్‌గా చూడకూడదన్నది ప్రధాన తర్కం. ఒక్క పోస్టే ఉన్న కేడర్‌లో రిజర్వేషన్ ఇవ్వకూడదని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు కూడా ఈ వాదనకు బలం.

2018 మార్చి 5న యూజీసీ డిపార్ట్‌మెంట్‌నే యూనిట్ చేయమని ఉత్తర్వులిచ్చింది. నిరసనలు రేగాక కేంద్రం, యూజీసీ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2019 జనవరి 22న ఆ అప్పీళ్లు వీగిపోయాయి.

హైకోర్టు తర్కంలో లోపం ఎక్కడుంది? యూనిట్ అంటే మనుషుల్ని ఒక సబ్జెక్టు నుంచి మరో సబ్జెక్టుకు మార్చడం కాదు, పోస్టుల్ని లెక్కపెట్టడం. నియమించే అధికారం విశ్వవిద్యాలయానిదే, డిపార్ట్‌మెంట్‌ది కాదు. ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌లో రిజర్వుడు పోస్టులు ఎక్కువై మరోదానిలో ఉండకపోవచ్చన్న భయానికి జవాబు పోస్టుల్ని సమంగా పంచడం. ఎస్సీ, ఎస్టీలను అన్ని డిపార్ట్‌మెంట్ల నుంచీ తప్పించడం జవాబు కాదు.

వీధి నుంచి చట్టం దాకా

దేశమంతా విద్యార్థులు, అధ్యాపకులు, దళిత, ఆదివాసీ, బహుజన సంఘాలు రోడ్డెక్కాయి. 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది. రెండు రోజుల్లో, మార్చి 7న ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో అది కేంద్ర విద్యాసంస్థల (అధ్యాపక కేడర్‌లో రిజర్వేషన్) చట్టం అయింది. నేరుగా జరిగే అధ్యాపక నియామకాల్లో విద్యాసంస్థ మొత్తం ఒకే యూనిట్ అని సెక్షన్ 3 చెబుతుంది. ఇది కోర్టు ఇచ్చిన హక్కు కాదు, కోర్టులో ఓడాక పోరాడి తెచ్చుకున్నది.

చట్టానికి హద్దులున్నాయి. షెడ్యూల్‌లో పేర్కొన్న కొన్ని పరిశోధనా సంస్థలకు, మైనారిటీ సంస్థలకు ఇది వర్తించదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ వర్తించదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం దీని కిందికి వస్తాయి. ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ మాత్రం రాష్ట్ర నిబంధనల ప్రకారమే నడుస్తాయి. అక్కడ యూనిట్ ఏదో విడిగా అడిగి తెలుసుకోవాలి.

రోస్టర్ సరిగ్గా ఉన్నా ఇంటర్వ్యూ గదిలో 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని రాసి పోస్టు ఖాళీగా వదిలేయడం మరో దారి. అలాంటి పోస్టులను జనరల్‌కు మార్చే వీలు కల్పించే యూజీసీ ముసాయిదా 2024 జనవరిలో బయటపడి, నిరసనలతో వెనక్కి పోయింది. భర్తీ కాని పోస్టు బ్యాక్‌లాగ్‌గా కొనసాగాలి. 2000లో వచ్చిన 81వ సవరణ ప్రకారం బ్యాక్‌లాగ్‌ను ఆ ఏడాది 50 శాతం పరిమితిలో కలపనక్కర్లేదు.

మనం చేయగలిగింది

నోటిఫికేషన్ రాగానే సమాచార హక్కు చట్టం కింద నాలుగు అడగండి. కేడర్ల వారీగా మంజూరైన పోస్టులెన్ని? రోస్టర్ రిజిస్టర్ నకలు ఇవ్వండి. లెక్కకు తీసుకున్న యూనిట్ ఏది? కేటగిరీల వారీగా బ్యాక్‌లాగ్ ఎంత?

తేడా కనిపిస్తే సంస్థలోని లైజన్ ఆఫీసర్‌కు, 338వ అధికరణ కింద ఏర్పడిన జాతీయ ఎస్సీ కమిషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కమిషన్‌కు సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. కోర్టుకు వెళ్లాలనుకుంటే ఆలస్యం చేయకూడదు. అభ్యంతరం చెప్పకుండా ఇంటర్వ్యూకు హాజరై, ఎంపిక కాకపోయాక నోటిఫికేషన్‌ను సవాలు చేస్తే కోర్టులు సాధారణంగా వినవు.

రోస్టర్ రిజిస్టర్ ఆఫీసు బీరువాలో ఉండే దస్త్రం. దాన్ని బయటికి తీయించి చదవడం కూడా ఉద్యమమే.