సరిహద్దు అవతలి సీటు

జార్జియా టెక్‌కు ముందస్తుగా దరఖాస్తు పెట్టుకునే పిల్లలకు రెండు వేర్వేరు గడువులు ఉంటాయి. జార్జియా రాష్ట్రం వాళ్ళకు అక్టోబరు మధ్యలో, మిగతా రాష్ట్రాల వాళ్ళకు నవంబరు మొదట్లో. గడువుల మధ్య ఎడం రెండు మూడు వారాలే. ఫలితాల దగ్గరికి వచ్చేసరికి అది రెట్టింపు దాటిపోతుంది. సొంత రాష్ట్రం పిల్లలకు డిసెంబరులోనే సంగతి తెలిసిపోతుంది. బయటి రాష్ట్రాల వాళ్ళు క్రిస్మసూ సంక్రాంతీ దాటించి జనవరి నెలాఖరు దాకా కాచుకుని కూర్చోవాలి.

అన్నదమ్ముల్లో ఒకరు అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో, ఇంకొకరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నారనుకుందాం. ఇద్దరి పిల్లలూ ఈ ఏడు పన్నెండో తరగతి. గ్రేడ్లూ శాట్ స్కోరూ అటూ ఇటుగా ఒకటే. అయినా జార్జియా టెక్ దృష్టిలో వాళ్ళు ఒకే వరసలో నిలబడిన వాళ్ళు కారు. ఈ మధ్య సంవత్సరాల్లో అది జార్జియా దరఖాస్తుదారుల్లో సుమారు మూడో వంతు మందికి సీటు ఇస్తే, బయటివాళ్ళలో ఇచ్చింది పదో వంతుకు కాస్త అటూ ఇటుగా. అదే ఆ కమ్మింగ్ అమ్మాయి ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి పెట్టుకుంటే కథ తిరగబడుతుంది. అక్కడ ఫ్రిస్కో అబ్బాయి లోకల్, ఈ అమ్మాయి నాన్-లోకల్.

లోకల్, నాన్-లోకల్ గొడవ మనకు కొత్తేమీ కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించే పద్ధతిలోనే రెండు తరాలు కౌన్సెలింగ్‌కు వెళ్ళాయి. ఓయూ ఏరియానా, ఏయూ ఏరియానా, ఎస్వీయూ ఏరియానా అని సర్టిఫికెట్లు పట్టుకుని తిరగని ఇల్లు లేదు. కాకపోతే మన దగ్గర చేతిలో ఒక ర్యాంకు ఉంటుంది. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసుకుంటే, తమకు ఎక్కడ వస్తుందో ఎక్కడ రాదో ఇంట్లో కూర్చునే సుమారుగా లెక్కేసుకోవచ్చు. అమెరికాలో ఆ సౌకర్యం లేదు. నాలుగేళ్ళ గ్రేడ్లు, బడిలో దొరికిన కోర్సుల్లో ఎంత కఠినమైనవి తీసుకున్నారన్నది, వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు, తీరిక వేళల్లో చేసిన పనులు అన్నీ కలిపి చదివి తేలుస్తారు. ఎవరికీ ర్యాంకు ఇవ్వరు. సీటు రాకపోతే ఎందుకు రాలేదో చెప్పరు. తెలుగు తల్లిదండ్రులను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఇదేనని నా అనుమానం. పోటీకి వాళ్ళు బెదరరు, ర్యాంకు లేని పోటీ ఎలా ఉంటుందో వాళ్ళెప్పుడూ చూడలేదు.

రాష్ట్రాన్ని బట్టి ఈ లోకల్, నాన్-లోకల్ తేడా ఎందుకంటే, ప్రభుత్వ యూనివర్సిటీలు అక్కడ కేంద్రానివి కావు, ఆయా రాష్ట్రాలవి. రాష్ట్రం పన్నుల డబ్బుతో పెరిగిన సంస్థలో తమ పిల్లలకు సీట్లు లేకపోతే ఓటర్లు ఊరుకోరు. నార్త్ కరోలినాలో 1986 నుంచి చాపెల్ హిల్‌లోని రాష్ట్ర యూనివర్సిటీ లాంటి క్యాంపస్‌లకు ఒక పరిమితి ఉంది. మొదటి ఏడాది చేరే విద్యార్థుల్లో బయటి రాష్ట్రాల వాళ్ళు 18 శాతానికి మించకూడదు. ఇదేదో కాగితం మీద రాసుకున్న నియమం కాదు. సుమారు పదేళ్ళ కిందట చాపెల్ హిల్ వరసగా రెండేళ్ళు ఆ గీత దాటితే, దాని బడ్జెట్‌లో పది లక్షల డాలర్లు కోసేశారు. అలాంటి చోట సొంత రాష్ట్రం పిల్లల్లో పదిమందికి సుమారు నలుగురికి సీటు వస్తుంటే, బయటివాళ్ళలో పదిమందికి ఒక్కరికి కూడా వస్తుందో రాదో.

టెక్సాస్‌ది ఇంకో దారి. అక్కడ 1997 చట్టం ప్రకారం ప్రతి హైస్కూల్లోనూ మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌కు అంతమందిని తీసుకునే చోటు లేక 2009లో చట్టాన్ని సవరించి దానికొక్కదానికీ మినహాయింపు ఇచ్చారు. ఆస్టిన్‌కు ఆ శాతం తగ్గుతూ తగ్గుతూ 2026లో చేరేవాళ్ళకు అయిదుకు వచ్చింది. మొదటి ఏడాది తరగతిలో పదిమందికి తొమ్మిదిమంది టెక్సాస్ పిల్లలే. మిగిలిన ఆ ఒక్క వంతులోనే అమెరికాలోని మిగతా రాష్ట్రాలన్నీ, ప్రపంచం మొత్తం సర్దుకోవాలి.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఫ్రిస్కో, ప్లేనో హైస్కూళ్ళలో పోటీ ఎంతటిదంటే, ఇంకో ఊళ్ళో ఫస్టు వచ్చే పిల్ల ఇక్కడ ఎనిమిదో శాతంలో తేలుతుంది. ఆస్టిన్‌లో ఖాయం సీటు చేజారగానే ఆ పిల్ల పర్డ్యూకు, ఇలినాయికి, జార్జియా టెక్‌కు పెట్టుకుంటుంది. సొంత రాష్ట్రంలో సీటు నమ్మకం లేని కమ్మింగ్ అమ్మాయీ అదే పర్డ్యూకు పెట్టుకుంటుంది. ఒకరి గడపలో ఇంకొకరు బయటివాళ్ళయి నిలబడటం తప్ప ఇందులో ఎవరికీ కొత్తగా పుట్టిన సీటు లేదు.

మరి యూనివర్సిటీలు బయటివాళ్ళను అసలు ఎందుకు తీసుకుంటాయి? ఫీజు. చాపెల్ హిల్‌లో సొంత రాష్ట్రం వాళ్ళకు ట్యూషనూ ఇతర రుసుములూ కలిపి ఏడాదికి తొమ్మిది వేల డాలర్ల ప్రాంతం. బయటివాళ్ళకు నలభై వేలు దాటుతుంది. 2008 ఆర్థిక మాంద్యం తరవాత రాష్ట్రాలు గ్రాంట్లు తెగ్గోసినప్పుడు, ఆ లోటు పూడ్చుకోవడానికి చాలా యూనివర్సిటీలకు కనిపించిన దారి ఇదే. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఈ బాటలో ఎంత దూరం పోయిందంటే, 2016లో రాష్ట్ర ఆడిటర్ దాని ప్రవేశాల తీరు సొంత రాష్ట్రం పిల్లలకు నష్టం చేసిందని నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడాదే పరిమితి పెట్టుకోక తప్పలేదు. అయిదు క్యాంపస్‌లలో 18 శాతం; అప్పటికే అది దాటేసిన బర్కిలీ, లాస్ ఏంజలెస్ లాంటి చోట్ల ఉన్నకాడికి ఆపారు. 2021లో శాసనసభ మళ్ళీ పట్టుబట్టి, ఆ పెద్ద క్యాంపస్‌లను కూడా 18కి దించమంది. ఏటా సుమారు 900 సీట్లు సొంత పిల్లలకు మళ్ళించాలి, అందువల్ల పోయే ఫీజు రాబడిని రాష్ట్రం పూడుస్తుంది.

కాబట్టి బయటి రాష్ట్రం పిల్లాడి ఫైలు ఆఫీసులో ఉండగానే, అతని మీద రెండు ఒత్తిళ్ళు పనిచేస్తుంటాయి. ఖజానా అతన్ని రమ్మంటుంది, శాసనసభ వద్దంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఆ ఇంట్లో మోసే దిగులులో సగం ఆ పిల్లాడి ప్రతిభకు సంబంధించింది కానే కాదని నేననేది ఇందుకే.

ఇక బయటివాళ్ళ ఫలితాలకు ఆలస్యం ఎందుకు? సీటు ఇచ్చినవాళ్ళంతా చేరరు. సొంత రాష్ట్రం పిల్లల్లో ఎంతమంది చేరతారో పాత అనుభవంతో బాగానే అంచనా వేయొచ్చు. ఫీజు తక్కువ, ఇల్లు దగ్గర, స్నేహితులూ అక్కడే. బయటి పిల్లాడికి పది ఆఫర్లు ఉంటాయి. వాటిలో సొంత రాష్ట్రానిదీ ఉంటుంది. అతను వస్తాడో రాడో చెప్పడం కష్టం. పెళ్ళికి ఎంతమంది వస్తారో తేలకుండా విస్తళ్ళు చెప్పుకోవడం లాంటి పని ఇది. ఎక్కువమంది వస్తే పరిమితి దాటి జరిమానా, తక్కువైతే రాబడి పోతుంది. అందుకని సొంత పిల్లల లెక్క ముందు తేల్చుకుని, బయటివాళ్ళలో కొందరిని తరవాతికి అట్టేపెడతారు. ముందస్తు దశలో అవుననీ కాదనీ చెప్పకుండా మార్చి ఫలితాలకు మళ్ళించడాన్ని డిఫర్ చేయడం అంటారు.

తూర్పు తీరంలో జనవరి సాయంత్రం అయిదింటికి ఫలితాలు విడుదలైతే గుంటూరులో తెల్లవారుజాము మూడున్నర. ఆ వేళకే లేచి కూర్చున్న నాయనమ్మ వీడియో కాల్‌లో అడుగుతుంది: "ఏరా కన్నా, సీటు సంగతి తేలిందా?"

"లేదు నాయనమ్మా, డిఫర్ చేశారు."

"అంటే పాసా, ఫెయిలా?"

ఆ ప్రశ్నకు కన్నతండ్రి కూడా జవాబు చెప్పలేడు. కాలేజీ ఇచ్చిన పోర్టల్‌లో లాగిన్ అయితే, ట్రాన్‌స్క్రిప్ట్ అందింది, సిఫారసు లేఖ అందింది, రుసుము అందింది అని ఒక్కోదాని ఎదురుగా పచ్చటి టిక్కులు. నెలల తరబడి ఆ పేజీ మారదు. ఓ రోజు పైన కొత్తగా ఒక వరస కనిపిస్తుంది, మీ దరఖాస్తుకు కొత్త సమాచారం వచ్చిందని. నొక్కితే ఉత్తరం తెరుచుకుంటుంది. పిల్లలు ఉత్తరం చదవరు, మొదటి మాట చూస్తారు. కంగ్రాచ్యులేషన్స్ అని ఉంటే కొన్ని చోట్ల తెర నిండా రంగు కాగితాల వాన కురుస్తుంది. ఆ వాన కోసం ఫోన్లో వీడియో తీయడానికి చెల్లెలు వెనకాలే నిలబడి ఉంటుంది. వాన కురవకపోతే వీడియో ఎప్పుడు ఆపాలో ఆ పిల్లకు తెలియదు.

అన్ని రాష్ట్రాలూ గేటు వేసుకునే కూర్చోవు. అలబామా యూనివర్సిటీలో డిగ్రీ విద్యార్థుల్లో సగానికి పైగా బయటివాళ్ళే. దరఖాస్తు రాగానే చూసి కొద్ది వారాల్లోనే ఫలితం చెప్పేస్తుంది. ఎంత గ్రేడుకు, ఎంత స్కోరుకు, ఎంత స్కాలర్‌షిప్పో పట్టిక వేసి మరీ పెడుతుంది. చాపెల్ హిల్ నుంచి ఉలుకూ పలుకూ లేని అక్టోబరులోనే, అదే పిల్లాడికి ఆ యూనివర్సిటీ ఉన్న టస్కలూసా నుంచి ఏటా వేల డాలర్ల తగ్గింపుతో ఆహ్వానం వచ్చి ఉంటుంది. మిషిగన్ ఈ రెండింటి మధ్యా ఉంటుంది. డిగ్రీ విద్యార్థుల్లో దాదాపు సగం బయటివాళ్ళు, కానీ సీటు రావడమూ కష్టమే, ఫీజూ కళ్ళు తిరిగేంత. పశ్చిమ రాష్ట్రాల మధ్య ఒక ఒప్పందం ఉంది. అందులో పాల్గొనే కాలేజీల్లో ఆ ప్రాంతపు పొరుగు రాష్ట్రాల పిల్లలకు స్థానిక ఫీజుకు ఒకటిన్నర రెట్లు మించకుండా తీసుకుంటారు. మన వాళ్ళ ఇళ్ళలో దీని ప్రస్తావన తక్కువే వినిపిస్తుంది.

కంప్యూటర్ సైన్స్ కావాలనే పిల్లలకు, అంటే మన పిల్లల్లో అధికశాతానికి, ఇంకో మెలిక ఉంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆ కోర్సుకు నేరుగా సీటు దొరికే బయటి రాష్ట్రాల వాళ్ళు నూటికి కొద్దిమందే, ఒంటి అంకె. ఇంకేదో కోర్సులో చేరి తరవాత మారిపోదామంటే అక్కడ దాదాపు కుదరని పని. యూనివర్సిటీ మొత్తం మీద ఎంత శాతానికి సీటిస్తుందో చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్ళు ఈ కోర్సు శాతాన్ని కూడా విడిగా చూసుకోవాలి.

చేరాక ఏడాదికి లోకల్ అయిపోవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా ఒకసారి వెళ్ళింది. కాలిఫోర్నియా నుంచి కనెక్టికట్ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టిన మార్గరెట్ క్లైన్ అనే విద్యార్థిని, కనెక్టికట్ వాసిని పెళ్ళి చేసుకుని అక్కడే స్థిరపడింది. ఓటు, కారు రిజిస్ట్రేషను, లైసెన్సు అన్నీ అక్కడివే. అయినా దరఖాస్తు నాటికి చిరునామా బయటిది కాబట్టి చదువు అయ్యేదాకా బయటిదానివేనంది ఆ రాష్ట్ర చట్టం. నిరూపించుకునే అవకాశమే ఇవ్వకపోవడం చెల్లదని 1973లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. కానీ స్థానికుల దగ్గర తక్కువా బయటివాళ్ళ దగ్గర ఎక్కువా తీసుకోవడాన్ని తప్పు పట్టలేదు. ఇప్పుడు సాధారణంగా ఏడాది నివాసం అడుగుతారు. అదీ చదువు కోసం వచ్చిన నివాసమైతే లెక్కలోకి రాదు. తల్లిదండ్రులు వేరే రాష్ట్రంలో పన్ను కడుతూ, పిల్లాణ్ణి తమ మీద ఆధారపడ్డవాడిగా చూపిస్తూ ఉంటే అతను ఆ రాష్ట్రం వాడే.

తల్లిదండ్రుల ఉద్యోగ వీసా ఆధారంగా వచ్చే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లల సంగతి మరీ చిక్కు. చాలా రాష్ట్రాలు వాళ్ళను ఫీజు విషయంలో స్థానికులుగానే చూస్తాయి. కానీ ఇరవై ఒక్కేళ్ళు నిండగానే ఆ వీసా చెల్లదు. గ్రీన్ కార్డు వరసలో తండ్రి వంతు రాకపోతే పిల్లాడు విద్యార్థి వీసాకు మారాలి. రెండో తరగతి నుంచి అదే ఊళ్ళో చదివినవాడు డిగ్రీ మూడో ఏట హఠాత్తుగా బయటివాడయ్యే ప్రమాదం ఉంది. కాలేజీ ఎంచుకునేటప్పుడే ఆ రాష్ట్రం నిబంధన చదువుకోవాల్సిన అవసరం వీళ్ళకు మిగతా అందరికన్నా ఎక్కువ.

మే 1 నాటికి ఏదో ఒక కాలేజీకి డిపాజిట్ కట్టి చేరుతున్నామని చెప్పడం ఆనవాయితీ. అప్పటికీ వెయిట్‌లిస్ట్‌లో పేరున్నవాళ్ళు, ఒక చోట డిపాజిట్ కట్టి ఇంకో చోట ఆశ పెట్టుకుని ఉంటారు. మన వాళ్ళు ఆఫీసుకు ఫోన్ చేసి లిస్టులో ఎన్నో నంబరని అడుగుతారు. చాలా చోట్ల నంబరే ఉండదు. ఎక్కడ ఖాళీ పడితే అక్కడికి సరిపోయేవాళ్ళను తీసుకుంటారు. సొంత రాష్ట్రం సీట్లు మిగిలితే సొంత రాష్ట్రం వాళ్ళనే పిలుస్తారు. బయటివాళ్ళ కోటా అప్పటికే నిండి ఉంటే ఆ ఏడాది ఆ జాబితా కదలకపోవచ్చు. ఒకవేళ జూన్‌లో పిలుపు వస్తే జవాబు చెప్పడానికి ఇచ్చేది కొద్ది రోజుల వ్యవధి. ఆ కొద్ది రోజుల్లో ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది డబ్బు సంగతే: మొదటి కాలేజీకి కట్టిన డిపాజిట్ వెనక్కి రాదు, కొత్త చోట అప్పటికి స్కాలర్‌షిప్పులు మిగిలి ఉండటం అరుదు, కట్టాల్సింది నాలుగేళ్ళూ పూర్తి ఫీజు.