పెండ్లికానుకగా నిలువచేయు తేనెపానము

తేనెను నీటితో కలిపి పులియబెట్టి చేయు పానము మానవు లెఱిగిన పానములలో మిక్కిలి పురాతనమైనవానిలో నొకటి. సంస్కృతమునందలి ‘మధు’ శబ్దమును, ఇంగ్లీషువారి ‘మీడ్’ శబ్దమును, పోలండువారి ‘మియూద్’ శబ్దమును ఒకే మూలమునుండి పుట్టినవి. పోలండు భాషలో తేనెకును తేనెపానమునకును నేటికిని పేరొక్కటియే. మన పెండ్లిండ్లలో కన్యాదాత వరునకు పెరుగు, తేనె, నేయి కలిపిన మధుపర్కము నొసగుట అందఱెఱిగినదే. పోలండులో తేనె పెండ్లికి మఱియొక రూపమునను వచ్చును. ఆ దేశపు తేనెపానము ఏండ్లు నిలిచినకొలది మేలగును గనుక, దానిని వధూవరులకు కానుకగా నియ్యదలచినవారు ముహూర్తమునకు చాల ముందుగనే పని మొదలుపెట్టవలెను. ఆ పని యెట్లు జరుగునో, అందు తేనె పండించువారు గ్రహింపదగిన దేమో యిచ్చట వివరింతుము.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 1968 నాటి ఆబ్కారీ చట్టము ననుసరించి లైసెన్సు లేక మత్తుపానీయమేదియు తయారుచేయరాదు. కావున ఈ వ్యాసము చదివి ఎవ్వరును ఇంట కుండ పెట్టవలదు.

తేనె జాడీలో నేండ్ల తరబడి చెడక నిలుచుటయు, అదే తేనె నీరు సోకినంతనే పొంగుటయు రైతులు చూచినదే. కారణ మేమన, బాగుగా పండిన తేనెలో నీరు నూటికి 17, 18 పాళ్లకు మించదు; తక్కినది దాదాపు అంతయు చక్కెరయే. ఇంత చిక్కని చక్కెరలో, పులియబెట్టు ఈస్టు అను సూక్ష్మజీవి కదలలేదు. నీరు చేర్చినచో అది మేలుకొని, చక్కెరను తిని, బరువులో సుమారు సగము మద్యసారముగను తక్కిన సగము బొగ్గుపులుసు గాలిగను మార్చును. నీరెంత కలిపితిమో దానినిబట్టియే పానపు తీపియు, అది పక్వమగుటకు పట్టు కాలమును ఏర్పడును.

పోలండువా రీ కొలతలను నాలుగు తరగతులుగా నేర్పరచిరి. ఒక వంతు తేనెకు మూడు వంతుల నీరు చేర్చినది చ్వుర్నియాకు, రెండు వంతులైన త్రుయ్నియాకు, సమభాగములైన ద్వుయ్నియాకు, తేనెకు సగము నీరు మాత్రమే చేర్చినది పుల్తోరాకు. చతుర్, త్రి, ద్వి అను మన సంఖ్యలే యీ పేర్లలో వినిపించుచున్నవి. కడపటిదానికి ఒకటిన్నర అని యర్థము. ఈ నాలుగింటికిని 2008లో యూరోపియన్ యూనియను సాంప్రదాయిక వస్తువులుగా రక్షణ యిచ్చినది. ఆ నిబంధనల ప్రకారము మొదటిది 9 నెలలు, రెండవది ఒక సంవత్సరము, మూడవది రెండు, నాలుగవది మూడు సంవత్సరములైనను నిలువయుండవలెను. ఇవి కనీసపు గడువులు మాత్రమే. పుల్తోరాకును ఎనిమిది, పదియేండ్లు ఉంచుటయు కలదు.

కావున కానుక చేయువాడు మొదట వేసికొనవలసిన ప్రశ్న “తేనె యెంత?” అని కాదు, “పెండ్లి యెన్నడు?” అని. వచ్చు సంవత్సరమే ముహూర్తమైనచో చ్వుర్నియాకుకంటె చిక్కనిదానికి పోరాదు. బిడ్డ యింకను ఊయలలో నున్నచో పుల్తోరాకునకు తగిన కాలమున్నది. ఆ ప్రాంతములలో బిడ్డ పుట్టినపుడు రై ధాన్యపు సారాయిని పీపాలో పోసి, మైనముతో మూసి, భూమిలో పాతి, పెండ్లినాడు త్రవ్వితీయు ఆచారముండెడిదని చెప్పుదురు. దానిని స్టార్కా అందురు.

మధ్యరకమైన త్రుయ్నియాకునే తీసికొందము. 5 లీటర్ల తేనె, అనగా సుమారు 7 కిలోలు; నీరు 10 లీటర్లు. తేనెను నీటితో కాచి, పైకి తేలు తెట్టును తీసివేయుట పాతపద్ధతి. కాచక గోరువెచ్చని నీటిలో కలుపుట మఱియొకటి. దీనిలో పూల వాసన నిలుచును. ఎట్లు చేసినను 20 డిగ్రీలకు చల్లార్చిన పిమ్మటనే ఈస్టును చేర్చవలెను. వేడిలో వేసిన అది చచ్చును. తేనెలో నత్రజని మిక్కిలి తక్కువ. నత్రజని చాలని పైరువలెనే ఈస్టును నీరసించి నడుమ నిలిచిపోవును గనుక దానికి తగిన ఆహారము కొంచెము వేయుదురు. పొలమున చల్లు యూరియాను మాత్ర మిందులో వేయరాదు. దానివలన పానములో హానికరమైన పదార్థము పుట్టును.

పాత్రను ముప్పాతిక వఱకే నింపవలెను, నురుగు పైకి వచ్చును గనుక. లోపలి గాలి బయటికి పోవలెను, బయటి గాలి లోనికి రారాదు. ఇందుకై నీరు నింపిన వంపు గొట్టమును మూతకు బిగింతురు. బిగువుగా మూసివేసినచో గాజుపాత్ర పగిలిపోవును. మొదటి వారము పొంగు ఉద్ధృతముగా నుండి, తరువాత మూడు మొదలు ఆఱు వారములు మెల్లగా సాగును. అటుపై అడుగున చేరిన మడ్డి కదలకుండ తేటను వేఱు పాత్రలోనికి దింపి, ఈసారి మెడవఱకు నింపవలెను. ఏలయన, ఈ దశలో గాలి తగిలిన పులిసి వినెగరు కాగలదు. మడ్డి పోను 12, 13 లీటర్లు మిగులును.

ఇప్పుడు రుచిచూచినచో నాలుక మండును. వాసనయు ఘాటుగా నుండును. నిరాశపడి పారబోయువారు కొందఱుందురు. ఇది తొందరపాటు. 10, 15 డిగ్రీల చల్లని చీకటి గదిలో నెలలు గడచినకొలది తేటపడి, మంట తగ్గి, తేనె వాసన మరల పైకి వచ్చును. మన వేసవి యెండలలో సామాన్యమైన గదిలో నిది సాధ్యము కాదు. పొంగు పూర్తిగా నిలిచిన పిమ్మటనే సీసాలకెత్తి, బెండు బిరడా బిగించి, ఆ పట్టుల మైనముతోనే మూతిని ముద్రించి, బిరడా తడిసియుండునట్లు సీసాను పండుకొనబెట్టుదురు. తొందరపడి ఎత్తిన సీసాలు పేలును.

ఇక ఖర్చుమాట. నూరు రూపాయల తేనెను ఇట్లు కట్టివేసినచో, నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున మూడేండ్లకు 36 రూపాయలు, ఎనిమిదేండ్లకు 96 రూపాయలు దానిపై పడును. పాత్రలు, చల్లని గది, చెడిపోయిన సరకు వేఱు. ఇంటి పెండ్లికి ఇరువది సీసాలు చేయువాడు ఈ లెక్క చూడడు. తేనెపై బ్రతుకువానికి మాత్రము ఈ యెదురుచూపు మోయరాని బరువు. పోలండులోని లూబ్లిను నగరమున 1932లో ఏర్పడిన ‘ఆపిస్’ అను తేనెటీగల పెంపకందారుల సహకార సంఘము తన తేనెపానములకు పేరుపొందినది. ఇట్టి సంఘమున సభ్యునకు తేనె ధర ముందుగనే చేతికి వచ్చి, కాలమును భరించు భారము సంఘపు మూలధనముపై పడునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. నిలువవలన విలువ పెరుగు ఏ సరకుకైనను ఇది వర్తించును.

మన యేజెన్సీలలో గిరిజనుల తేనెను కొనుటకు 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ యేర్పడినది. తొఱ్ఱలలో పట్టుపెట్టు మన చిన్న ఈగల తేనెలో నీరు హెచ్చుగా నుండును. నూటికి 20 పాళ్లు దాటినచో, ఎవ్వరును కోరకయే డబ్బాలో పులియుట ఆరంభమగును. పోలండువాడు పీపాలో పనిగట్టుకొని చేయించునదే మన డబ్బాలో నష్టముగా పరిణమించుచున్నది. కావున ముప్పాతిక గదులకైనను మైనపు మూత పడిన అఱలనే పిండవలెను. వానదినములలో పిండరాదు. మూత వదులుగా నున్న తేనె గాలిలోని తేమను పీల్చుకొనును గనుక డబ్బాలను పొడిచోట గట్టిగా మూసియుంచవలెను.

కానుక సీసాపై పోసిన తేదీ, తేనె యే పూవుదో, ఎప్పటికి ముందు తెఱవరాదో వ్రాసి యతికించుట మంచిది. పోలండులో లిండెను పూల తేనెయు, నల్లని బక్‌వీటు తేనెయు నిందుకు వాడుదురు. రెండవది ఘాటైనది, ఎక్కువ యేండ్లు కోరును. పెండ్లికి నెలదినముల ముందు ఒక సీసా తెఱచి చూడవలెను. అది యింకను మండుచున్నచో, తక్కినవానిని వధూవరులకే యిచ్చి, తెఱచు తేదీని మొదటి పెండ్లిరోజునకు మార్చి వ్రాయవచ్చును.