ఇనుములో దాగిన బొగ్గు

ఏలూరు బజారులో దొరికే పోత ఇనుప పెనం రజను కొంచెం తెచ్చి, మాస్టారి ఎదుట సజల హైడ్రోక్లోరికామ్లంలో వేయండి. దగ్గర దీపం ఉండరాదు. వచ్చే వాయువు మండుతుంది!

హైడ్రోజన్‌కు వాసన లేదు కదా, మరి ఈ కంపు ఎక్కడిది? పోత ఇనుములో మూడు ఇనుము పరమాణువులకు ఒక కార్బన్ పరమాణువు చొప్పున కూడిన ఐరన్ కార్బైడ్ ఉంటుంది. ఆమ్లం ఇనుమును ఫెర్రస్ క్లోరైడుగా లాగివేయగా, ఒంటరైన కార్బన్ అప్పుడే పుట్టిన హైడ్రోజన్‌తో కలిసి మీథేన్, దాని వెంట ఘాటైన ఇతర హైడ్రోకార్బన్లు అవుతుంది. విడిగా ఉన్న గ్రాఫైటు మాత్రం నల్లని మడ్డిగా మిగులుతుంది.

నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు పూర్వం పర్షియాకు వెళ్ళేది. ఆ ఉక్కుతో చేసిన కత్తికి పలుచని ఆమ్లం పూస్తే, ఇనుము ముందుగా తినబడి నల్లబడుతుంది. మెల్లగా లొంగే కార్బైడు తెల్లని అలలై తేలుతుంది.

తాడేపల్లిగూడెం కమ్మరి కొట్టిన కొడవలిని ఇసుకతో తోమి, నిమ్మరసం పూసి గంటసేపు ఉంచండి. అంచూ వీపూ ఒకే రంగు తేలాయా?