ఆఫీసులో పాటలకి చవక హెడ్‌ఫోన్స్: బేస్ సంగతి తర్వాత, ముందు మీ ఫ్యాన్ సౌండ్ చూడండి

"అన్నా, ఆఫీసులో పాటలు వినడానికి రెండు వేల లోపు ఏది కొనమంటావు?" నెలలో నలుగురైదుగురైనా ఈ ప్రశ్న అడుగుతారు. ఇదివరకైతే టకీమని ఒక మోడల్ పేరు చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు ఎదురు ప్రశ్నలు వేస్తున్నా. మీ ఆఫీసులో ఫ్యానా, ఏసీనా? పక్క సీట్లో ఎవరు? రోజూ కాల్స్ ఉంటాయా?

ఎందుకంటే ఒకసారి దెబ్బ తిన్నా కాబట్టి. చిత్తూరులో మా ఆఫీసు రోడ్డు పక్కన మొదటి అంతస్తు. నెత్తి మీద మూడు సీలింగ్ ఫ్యాన్లు, మూలన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, కిటికీ తీస్తే హారన్లు. అప్పట్లో నేను వాడింది రబ్బరు టిప్ లేకుండా చెవి అంచున ఊరికే ఆనుకుని ఉండే రకం ఇయర్‌బడ్స్. ఫ్యాన్ల మోత మీద పాట వినపడాలంటే వాల్యూమ్ ఎనభై శాతం పెట్టాలి. సాయంత్రం తిరుపతి బస్సులో తొంభై. ఒక రాత్రి పడుకున్నాక ఎడమ చెవిలో సన్నగా 'కీ' మని మోత. పొద్దున్నకీ పోలేదు. మూడో రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోతే టెస్ట్ చేసి, వినికిడి బాగానే ఉంది, చెవులకి రెస్ట్ ఇవ్వు అన్నారు. రెండు వారాలు పాటలు బంద్. మోత చాలావరకు తగ్గింది. గది బాగా నిశ్శబ్దంగా ఉంటే ఇప్పటికీ అప్పుడప్పుడు పలకరిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు హద్దు. సౌండ్ 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. అంటే ఆఫీసులో రోజుకి ఆరు గంటలు పాటలు పెట్టుకునేవాడు 89లో వింటే, వారం కోటా సోమవారం సాయంత్రానికే అయిపోయినట్టు. జిమ్‌లో గంట వినేవాడికీ మనకీ తేడా ఇదే. అందుకే ఆఫీసు హెడ్‌ఫోన్స్‌కి నేను చూసే మొదటి విషయం ఒక్కటే: బయటి శబ్దాన్ని ఎంత ఆపుతుంది? బయటి మోత తగ్గితే వాల్యూమ్ దానంతట అదే దిగుతుంది.

ఆపడంలో రెండు రకాలు. ఒకటి సిలికాన్ టిప్ చెవిలో బిగుతుగా కూర్చుని దారి మూసేయడం. రెండోది ఏఎన్‌సీ. బయటి శబ్దాన్ని మైక్ విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకర్ నుంచి వదిలి కొట్టేయడం. ఏసీ గుయ్, ఫ్యాన్ మోత, బస్సు ఇంజిన్ లాంటి ఒకే తీరుగా సాగే లో ఫ్రీక్వెన్సీ శబ్దాలకి ఏఎన్‌సీ బ్రహ్మాండం. పక్క సీటాయన ఫోన్లో స్థలం బేరం మాట్లాడుతుంటే మాత్రం అది పెద్దగా చేసేదేమీ లేదు, అక్కడ టిప్పే దిక్కు. డబ్బా మీద "50 డీబీ ఏఎన్‌సీ" అని రాసి ఉంటే అది సాధారణంగా ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠ అంకె. అన్ని శబ్దాలూ అంత తగ్గుతాయని కాదు.

ఇంకో పెద్ద మోసం లాంటిది: ఈఎన్‌సీ. చవక ఇయర్‌బడ్స్ డబ్బాల మీద ఇది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇది మీ చెవికి సంబంధించింది కాదప్పా! కాల్‌లో అవతలివాళ్లకి మీ చుట్టూ ఉన్న గోల వినపడకుండా మైక్ చేసే పని. ఏఎన్‌సీ అనుకుని ఈఎన్‌సీ కొని, "ఫ్యాన్ సౌండ్ ఆగట్లేదు" అని నాకు ఫోన్ చేసినవాళ్లు ముగ్గురున్నారు.

వైరా, వైర్‌లెస్సా?

2015లో షావోమీ మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో రెడ్‌మీ 2 ప్రైమ్ తయారీ మొదలుపెట్టినప్పుడు (అప్పటికి సత్యవేడు ఇంకా చిత్తూరు జిల్లానే) ఫోన్‌కి 3.5 ఎం.ఎం. జాక్ ఉందా అని ఎవరూ అడగలేదు, ఉండి తీరేది. మరుసటి ఏడాది ఐఫోన్ 7 దాన్ని పీకేసింది, మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనకాల పోయారు. కానీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లకీ డెస్క్‌టాప్‌లకీ ఆ జాక్ ఇంకా ఉంది. మీరు వినేది టేబుల్ దగ్గర కూర్చుని అయితే, రెండు వేలకి వైర్ దగ్గర వచ్చే సౌండ్ వైర్‌లెస్‌లో రాదు. బ్యాటరీ, బ్లూటూత్ చిప్, కేస్, మైకులు అన్నిటికీ పోగా స్పీకర్‌కి మిగిలే డబ్బు ఎంత ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

నా టేబుల్ మీద ఉన్నది మూన్‌డ్రాప్ చు 2. దాని ఈడుదే సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో. రెండూ రెండు వేలకి అటూ ఇటూ దొరుకుతాయి, రెండిటికీ వైర్ ఊడదీసి మార్చుకోవచ్చు. వైర్ పోతే కొత్త వైర్, అంతే. ఇయర్‌బడ్స్‌లో అలా కాదు. ఆ చిట్టి బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసపడుతుంది, మార్చే దారి దాదాపు ఉండదు.

సౌండ్ టెస్ట్‌కి నేను కొత్త సినిమా పాటతో పాటు ఒక పాత రికార్డింగ్ కూడా పెడతా. మన చిత్తూరు నాగయ్య నటించి, దర్శకత్వం చేసిన 1946 నాటి 'త్యాగయ్య' లాంటివి. అప్పటి రికార్డింగ్‌లో బేస్ అంటూ పెద్దగా లేదు, ఉన్నదంతా గొంతే. 'ఎక్స్‌ట్రా బేస్' హెడ్‌ఫోన్‌లో ఆ గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది. అందులో మాట స్పష్టంగా వినపడితే తక్కువ వాల్యూమ్‌లో కూడా పాట తెలుస్తుంది. బేస్ కోసం వాల్యూమ్ పెంచేవాళ్లకి ఇది బోర్ కొట్టొచ్చు, అది వేరే సంగతి.

కాల్స్ ఎక్కువ ఉన్నవాళ్లు వైర్‌లెస్ తీసుకునే ముందు ఒకటి తెలుసుకోండి. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే పాట గొంతు ఒక్కసారిగా పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోవడం గమనించారా? పీస్ పాడైనట్టు కాదు. పాటలకి బ్లూటూత్ వాడే దారి వేరు, మైక్ ఆన్ అయితే మారే దారి వేరు. ఆ రెండో దారిలో క్వాలిటీ పడిపోతుంది. ఎల్‌డీఏసీ ఉన్నా అప్పుడు పనికి రాదు. మందు సింపుల్: మీటింగ్ సెట్టింగ్స్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌నే ఎంచుకోండి, ఇయర్‌బడ్స్‌ని వినడానికి మాత్రమే వాడండి. ఫోనూ ల్యాప్‌టాపూ రెండిటికీ ఒకేసారి కనెక్ట్ అయ్యే డ్యూయల్ కనెక్షన్ ఉంటే ఇంకా సుఖం. వైర్‌లెస్ మోడళ్ల పేర్లు ఆరు నెలలకోసారి మారుతున్నాయి, అందుకే ఇక్కడ పేరు చెప్పట్లేదు. ఏఎన్‌సీ, డ్యూయల్ కనెక్షన్, ట్రాన్స్‌పరెన్సీ మోడ్ మూడూ ఉన్నాయా చూడండి. "40 గంటల బ్యాటరీ" అంటే కేస్‌తో కలిపి అని గుర్తుంచుకోండి.

చెవి మొత్తం మూసే పెద్ద హెడ్‌ఫోన్స్ సంగతి ఒక్క ముక్కలో: ఏసీ ఆఫీసైతే హాయి, మా లాంటి ఫ్యాన్ ఆఫీసులో ఏప్రిల్ వచ్చిందంటే చెవులు ఉడికిపోతాయి.

ఇంత బాగా శబ్దం ఆపితే ఇంకో తంటా ఉంది. కొత్త టిప్స్ పెట్టుకున్న మొదటి వారం మా మేనేజర్ మూడుసార్లు పిలిచారట. నాలుగోసారి ప్యూన్ వచ్చి భుజం తట్టాడు, "సార్ పిలస్తాండారు, ఇనపల్యా?" అని. ఆ రోజు నుంచి భోజనం ముందు కస్టమర్లు వచ్చే టైమ్‌లో ఒక్క చెవికే పెట్టుకుంటున్నా. మీరూ అలా చేస్తే ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేయండి, లేకపోతే రెండో చెవి వైపు వాయిద్యాలు వినపడవు. రెండో చెవి ఖాళీగా ఉంది కదా అని వాల్యూమ్ పెంచొద్దు, పాత కథ మళ్లీ మొదలవుతుంది. నేను కుడి చెవికే పెట్టుకుంటా. ఎడమదానికి మధ్యాహ్నం దాకా సెలవు.